ఎదురుచూపుల సంవత్సరము

ఏడాది ఎప్పుడు మొదలగును? ఈ చిన్న ప్రశ్నకు లోకమున ఒకే సమాధానము లేదు. పంచాంగము చేతబట్టిన తెలుగువానికి చైత్రశుద్ధ పాడ్యమి సంవత్సరాది. జమాఖర్చులు వ్రాయు గుమాస్తాకు ఏప్రిల్ ఒకటవ తేది. గోడమీది కాలెండరుకు జనవరి ఒకటి. బడిపిల్లవానికి వేసవి సెలవులు ముగిసిన మరునాడే క్రొత్త ఏడు. ఇన్ని సంవత్సరాదుల నడుమ మన ఊళ్లలోనే, మన పొరుగిళ్లలోనే మరియొకటి సద్దుచేయక వచ్చి పోవుచుండును. నవంబరు 30వ తేదికి మిక్కిలి దగ్గరగా నుండు ఆదివారమున అది వచ్చును. ఆనాడు క్రొత్త బట్టలు లేవు, పిండివంటలు లేవు, బాణసంచా లేదు. దేవాలయమున బలిపీఠముపై ఊదారంగు వస్త్రము పరచి, ఒక్క క్రొవ్వొత్తి వెలిగింతురు. క్రైస్తవ ఆరాధనా సంవత్సరము అంతటితో ఆరంభమైనట్లే.

క్రైస్తవుల పండుగలనగానే ఇతరులకు స్ఫురించునవి రెండు: క్రిస్మసు, ఈస్టరు. కాని ఆ సంవత్సరమును దగ్గరగా పరిశీలించినవారికి ఒక విశేషము కన్పట్టును. అందు పండుగదినములు కొద్ది. పండుగకై వేచియుండు దినములు పెక్కు. క్రిస్మసునకు ముందు నాలుగు ఆదివారములు. ఈస్టరునకు ముందు ఆరున్నర వారములు. ఈస్టరు పిమ్మట పెంతెకొస్తు వరకు ఏడు వారములు. ఈ వేచియుండుటయే ఆ సంవత్సరమునకు ప్రాణము. దానిని తీసివేసినచో మిగులునది సెలవుదినముల పట్టిక మాత్రమే.

రాకడ కాలము

మొదటి ఋతువునకు ఆగమన కాలమని పేరు. తెలుగు క్రైస్తవులు వాడుకలో దీనినే రాకడ అందురు. ఇది బెత్లెహేములో శిశువు పుట్టుకకై జరుపు సన్నాహమని చాలమంది తలపోయుదురు. అది సగము నిజము. ఈ కాలమునందలి తొలి ఆదివారమున దేవాలయములో చదువబడు సువార్తభాగమున శిశువు ప్రసక్తియే లేదు. యుగాంతమున ప్రభువు మరల వచ్చునని, ఏ గడియలో వచ్చునో ఎవ్వరికిని తెలియదు గనుక మెలకువతో నుండుడని అందు హెచ్చరిక యుండును. అనగా ఈ ఋతువు రెండు రాకడలను ఒకేమారు తలచుచున్నది: జరిగిపోయిన దానిని, జరుగవలసిన దానిని. రెంటి నడుమ నిలిచియున్న మానవుని స్థితియే దీనికి వస్తువు.

దీని చరిత్రయు చిత్రమైనదే. నేటి ఫ్రాన్సు దేశమైన గాల్ ప్రాంతమున 5వ శతాబ్దమునాటికే నవంబరు 11న వచ్చు పరిశుద్ధ మార్టిన్ పండుగ మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవసించు ఆచారముండెను. రోము సంఘము దానిని నాలుగు ఆదివారములకు కుదించెను. ఇటలీ దేశమందలి మిలాను నగరమువారు మాత్రము తమ ప్రాచీన సంప్రదాయము ననుసరించి నేటికిని ఆరు వారములు పాటించుచున్నారు.

నేడు పెక్కు దేవాలయములలో కన్పట్టు ఆకుపచ్చని ఆగమన చక్రము అంత పాతది కాదు. 1839లో జర్మనీ దేశమందలి హాంబర్గులో యోహాన్ హిన్‌రిష్ విషెర్న్ అను పాస్టరు పేదబాలురకొక ఆశ్రమము నడుపుచుండెను. క్రిస్మసు ఇంకెన్నాళ్లని పిల్లలు దినదినము అడుగుచుండగా ఆయన ఒక బండిచక్రమును తెచ్చి, ఆదివారములకు నాలుగు పెద్ద క్రొవ్వొత్తులు, తక్కిన దినములకు చిన్నవి దానిపై నిలిపెను. దినమున కొక్కటి చొప్పున వెలిగించుచు పోయిరి. పిల్లల తొందరను ఆయన గద్దించి అణచలేదు. దానికొక లెక్కయు, ఒక వెలుగును ఇచ్చెను. ఎదురుచూపు కూడ నేర్పవలసిన విద్యయే యని ఆయన గ్రహించినట్లున్నది.

ఆ దేశమందే లైప్జిగు నగరమున మరియొక నియమముండెను. ఆగమన కాలపు రెండవ ఆదివారము మొదలు క్రిస్మసు వరకును, ఈస్టరునకు ముందు శ్రమకాలములోను, అక్కడి దేవాలయములలో వాద్యబృందముతో కూడిన గానము వినిపింపరాదు. 1723లో ఆ నగరమున సంగీతాధికారిగా చేరిన సెబాస్టియన్ బాఖ్ తక్కిన ఆదివారములకు వారము వారము క్రొత్త కృతులు కూర్చుచు వచ్చినను, ఆ వారములలో నియమమునకు తలయొగ్గెను. అన్నాళ్ల నిశ్శబ్దము తరువాత క్రిస్మసు ఉదయమున బాకాలు, మృదంగములు ఒక్కపెట్టున మ్రోగినప్పుడు ఆ పురజనుల కెట్లుండెనో ఊహింపవచ్చును. ఏడాది పొడుగునను మ్రోగు బాకాకు ఆ శక్తి యుండదు.

వెలుగు పండుగ

క్రీస్తు జన్మదినము సువార్తలలో ఎక్కడను చెప్పబడలేదు. డిసెంబరు 25న ఆ పండుగ జరుపుకొనుటకు తొలి ఆధారము 354లో రోమునగరమున సంకలనమైన ఒక పంచాంగమున కలదు. ఆ తేదికి కారణమేమను విషయమున పండితులు రెండు మార్గములలో నడచుచున్నారు. 274లో ఆరేలియను చక్రవర్తి రోములో సూర్యదేవునికి ఆలయము ప్రతిష్ఠించెననియు, శీతకాలమున పగటి ప్రొద్దు పెరుగనారంభించు ఆ దినములను క్రైస్తవులు తమ ప్రభువునకు వర్తింపజేసికొనిరనియు కొందరందురు. మార్చి 25న మరియమ్మ గర్భము దాల్చెనను పూర్వవిశ్వాసమునుబట్టి తొమ్మిది నెలలు లెక్కింపగా ఈ దినము తేలినదని మరికొందరందురు. ఏది ఎట్లున్నను, ప్రొద్దు పొడుగుతో ఈ పండుగకు గల సంబంధమును ప్రాచీనులు ఎరుగకపోలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టిన పండుగ జూను 24న రాగా అప్పటినుండి పగలు తరుగుననియు, క్రీస్తు పుట్టిన దినమునుండి పగలు పెరుగుననియు అగస్టీను మహాశయుడు తన ప్రసంగములలో వివరించెను.

తూర్పుదేశముల సంఘములకు జనవరి 6 అంతకంటె ముఖ్యమైన దినము. జ్ఞానులు నక్షత్రమును వెంబడించి వచ్చి శిశువును దర్శించుటను, యొర్దాను నదిలో ప్రభువు బాప్తిస్మము పొందుటను ఆనాడు స్మరింతురు. ఆర్మీనియా సంఘమువారు నేటికిని జన్మోత్సవమును ఆ దినముననే జరుపుకొందురు. తెలుగువారు దీనిని సాక్షాత్కార పండుగ అందురు. దాచియున్నది వెలిబడుటయే దాని భావము.

చంద్రుని వెంట

క్రిస్మసు తేది కదలదు, సూర్యుని లెక్క. ఈస్టరు కదలును, దానిలో చంద్రుని లెక్క కలదు. మార్చి 21న గాని ఆ పిమ్మట గాని వచ్చు మొదటి పున్నమి తరువాతి ఆదివారము ఈస్టరు. అందుచేత అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారముననైన రావచ్చును. 1818లో మిక్కిలి ముందుగాను, 1943లో మిక్కిలి వెనుకగాను వచ్చినది. తిథివారములతో పరిచయము గల తెలుగు పాఠకునకు ఇది వింతగా తోపదు. ఆ పున్నమి సామాన్యముగ మన ఫాల్గుణ పూర్ణిమయో, చైత్ర పూర్ణిమయో అగును. 2024లో హోళీ పున్నమి గడచిన ఆదివారమున ఈస్టరు రాగా, 2025లో చైత్ర పూర్ణిమ దాటిన మరుసటి ఆదివారమున వచ్చినది.

ఈ లెక్క వెనుక యూదుల పస్కా పండుగ యున్నది. ఐగుప్తు దాస్యమునుండి తమ పూర్వులు విడుదల పొందిన రాత్రిని యూదులు పున్నమినాడు స్మరింతురు. ఆ పండుగ దినములలోనే యేసు సిలువ వేయబడెను. 2వ శతాబ్దమున ఆసియా మైనరు సంఘములు వారముతో నిమిత్తము లేక పస్కా తిథినే పాటించగా, రోమువారు ఆదివారమునే పట్టుకొనిరి. స్ముర్ణ నగరపు వృద్ధ అధ్యక్షుడు పాలికార్పు ఈ విషయమై రోమునకు పోయి అచటి అధ్యక్షుడు అనికేతునితో చర్చించెను. ఇద్దరిలో ఎవ్వరును తమ ఆచారమును విడువలేదు. అయినను కలసి ప్రభురాత్రి భోజనమును ఆచరించి సమాధానముతో విడిపోయిరి. 325లో నైసియా మహాసభ అందరును ఒకే దినమున పండుగ జరుపవలెనని నిర్ణయించెను. 1582లో పోపు గ్రెగరీ పంచాంగమును సవరించిన పిమ్మట తూర్పు పడమరల నడుమ మరల తేదీలు విడిపోయినవి. 2025 వంటి కొన్ని ఏండ్లలో మాత్రము రెండును ఒకే ఆదివారమున కలియును.

బూడిదతో మొదలు

ఈస్టరునకు ముందు వచ్చు ఋతువును కథోలికులు తపస్సుకాలమనియు, తక్కిన సంఘములవారు శ్రమకాలమనియు అందురు. రెండు పేర్లును సార్థకములే: ఒకటి మనము చేయవలసినదానిని, రెండవది ప్రభువు పడినదానిని తెలుపును. భస్మ బుధవారము మొదలు ఈస్టరునకు ముందటి శనివారము వరకు నలుబదియారు దినములు. ఆదివారములు ఆరింటిని విడువగా నలుబది. మోషే కొండపై నుండినది నలుబది దినములు, ఏలీయా నడచినది నలుబది దినములు, యేసు అరణ్యమున ఉపవసించినది నలుబది దినములు. ఆ సంఖ్యనే విశ్వాసి తన బ్రతుకులోనికి తెచ్చుకొనును. పశ్చిమ సంఘమున ఈ కాలమంతయు హల్లెలూయ అను పదమును పలుకరు. మధ్యయుగములలో ఫ్రాన్సునందు కొన్నిచోట్ల పాటలు పాడు బాలురు ఆ పదమునకు శవపేటిక కట్టి, ఊరేగించి, పాతిపెట్టెడివారట. అత్యంత ప్రియమైన మాటను కొన్నాళ్లు నోటికి దూరము చేసికొనుటయు ఉపవాసమే.

ఈ కాలపు చివరి వారము రూపుదిద్దుకొన్నది యెరూషలేములో. 4వ శతాబ్దాంతమున, ఇంచుమించు 381-384 సంవత్సరముల నడుమ, ఎగేరియ యను స్త్రీ పడమటి దేశమునుండి బయలుదేరి ఆ పుణ్యక్షేత్రమును దర్శించి, అచట చూచినదంతయు స్వదేశమందలి తన సోదరీమణులకు లేఖగా వ్రాసెను. శతాబ్దముల తరబడి మరుగుపడిన ఆ లేఖ ప్రతి 1884లో ఇటలీయందలి అరెజ్జో పట్టణమున బయల్పడినది. మట్టల ఆదివారమునాడు జనులందరును ఒలీవల కొండమీదినుండి నగరమునకు నడచివచ్చిరనియు, నడక రాని పసిబిడ్డలు సైతము తల్లిదండ్రుల భుజములమీద నెక్కి ఖర్జూరపు మట్టలో, ఒలీవ కొమ్మలో పట్టుకొనిరనియు ఆమె వ్రాసెను. శుక్రవారమున సిలువ మ్రానును ముద్దిడుటకు జనులు వరుసగా వచ్చుచుండగా పరిచారకులు చుట్టును కావలి యుండెడివారట. మునుపొకడు ముద్దిడు నెపమున ఆ కొయ్యను కొరికి ఒక ముక్కను అపహరించినాడట! అధ్యక్షుడు గ్రీకులో ప్రసంగింపగా మరియొక గురువు దానిని సురియా భాషలో చెప్పుటయు, ఆ రెండును రానివారికి లాటినులో వివరించువారు ఉండుటయు ఆమె గమనించెను. జరిగిన చోట, జరిగిన దినమున, జరిగిన గడియలో ఆ కథను కాళ్లతో నడచి తెలిసికొనుటయే యెరూషలేము కనిపెట్టిన పద్ధతి. యాత్రికులు దానిని తమ తమ దేశములకు కొనిపోయిరి.

పగటివేళ పాడిన రాత్రి

ఈ సంవత్సరమునకంతటికిని శిఖరము ఈస్టరు ముందటి శనివారపు రాత్రి. గురువారమున ప్రభువు శిష్యుల పాదములు కడుగుటను, కడరా భోజనమును స్మరింతురు. అటుపిమ్మట గంటలు మూగవోవును. శుక్రవారమున బలిపీఠము బోసిగా నుండును. శనివారము ప్రొద్దుగూకిన పిదప చీకటి దేవాలయమునకు వెలుపల క్రొత్తనిప్పు రగిలించి, దానితో పెద్ద క్రొవ్వొత్తిని వెలిగించి, లోనికి కొనిపోవుదురు. ఒక్క జ్వాలనుండి వందల దీపములు వెలుగును. ఆ రాత్రిని కీర్తించు ఒక దీర్ఘమైన గీతమును పరిచారకుడు పాడును.

చరిత్రలో ఆ రాత్రికి పట్టిన గతి గమనింపదగినది. చీకటిపడు వరకు ఉపవాసముండుట భారమనిపించి, కాలక్రమమున ఆ ఆరాధన సాయంత్రమునకును, మధ్యాహ్నమునకును, తుదకు శనివారపు ఉదయమునకును జరిగిపోయెను. 16వ శతాబ్దమున మధ్యాహ్నము దాటిన పిదప పూజ చేయరాదను నియమము దానిని అక్కడనే బిగించెను. 1642లో ఆ మూడు దినములును విధిగా పాటింపవలసిన పండుగల పట్టికనుండి తొలగింపబడినవి; జనులు పనులకు పోయిరి. కొన్ని వందల ఏండ్లు కథోలిక దేవాలయములలో శనివారము ప్రొద్దుట, కిటికీలలోనుండి ఎండ పడుచుండగా, ఇంచుమించు ఖాళీగా నున్న బల్లల ముందు పరిచారకుడు ఈ రాత్రి, ఈ రాత్రి యని పాడుచుండెను! పదములలో ఒక్క అక్షరమును మారలేదు; అర్థము మాత్రము వెళ్లిపోయినది. 1951లో పోపు పండ్రెండవ పయస్ ఆ జాగరణను రాత్రివేళ జరుపుటకు అనుమతినిచ్చి, 1955 చివర వెలువడిన శాసనముతో మరుసటి ఏటినుండి దానిని స్థిరపరచెను. చీకటికై వేచియుండువారికి గాని దీపము దీపముగా కనబడదని సంఘము మరల తెలిసికొన్నది.

ఈస్టరు ఒక్కనాటి పండుగ కాదు, ఏబది దినములది. నలుబదియవనాడు ఆరోహణము, ఏబదియవనాడు పెంతెకొస్తు. యూదులు గోధుమ కోతల కాలమున జరుపుకొను వారముల పండుగయే దీనికి మూలము. శిష్యులపైకి పవిత్రాత్మ అగ్నిజ్వాలలవలె దిగివచ్చిన దినమిది గనుక ఆనాడు ఎఱ్ఱని వస్త్రములు ధరింతురు.

పచ్చని దినములు

పండుగలన్నియు ముగిసినవి. ఇక మిగిలినదేమి? మిగిలినదే ఎక్కువ. కథోలికుల లెక్కలో ముప్పదిమూడో ముప్పదినాలుగో వారములు, అనగా ఏడాదిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు, సామాన్య కాలము. అందులో కొన్ని వారములు జనవరి, ఫిబ్రవరులలో రాగా, ఎక్కువ భాగము పెంతెకొస్తు తరువాత వచ్చును. తక్కిన సంఘములలో దీనిని త్రిత్వపు ఆదివారమునుండి లెక్కించువారు కలరు. దీని రంగు ఆకుపచ్చ. అద్భుతములు, ఉత్సవములు లేని ఈ నెలలలో యేసు చెప్పిన ఉపమానములను వరుసగా చదువుదురు: విత్తువాడు, ఆవగింజ, గోధుమలలో గురుగులు, ద్రాక్షతోటలో కూలీలు. మన దేశమున ఈ కాలము తొలకరితో మొదలై, ఏరువాక, నాట్లు, కలుపుతీతలు దాటి కోతల వరకు సాగును. విత్తిన వాడు నిద్రించుచు లేచుచుండగా విత్తనము తనకు తెలియకయే పెరుగుచుండునను ఉపమానము రైతునకు వ్యాఖ్యానము లేకయే బోధపడును.

దినములన్నియు దేవునివే గదా, ఒకదానిని హెచ్చించి మరియొకదానిని తగ్గించుట యేల యను ప్రశ్న క్రైస్తవులలోనే పుట్టినది. ప్యూరిటనులు ఆదివారమును తప్ప మరి ఏ దినమును ఒప్పుకొనలేదు. అమెరికాలో మసాచుసెట్సు సీమవారు 1659లో క్రిస్మసు జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. తెలుగుదేశమున కూడ ఈ ఋతుక్రమమును పాటింపని సంఘములు కొన్ని కలవు. వారి వాదమున బలము లేకపోలేదు. మనస్సు మారక బూడిద పూసికొన్నంత మాత్రమున ఫలమేమి? కాని నేటి ప్రమాదము వేరు దిక్కునుండి వచ్చుచున్నది. పండుగను కాదనువారు కొద్ది; పండుగకై వేచియుండలేనివారు పెక్కు. నవంబరు ముగియకుండనే అంగళ్లలో నక్షత్రములు వ్రేలాడును, క్రిస్మసు పాటలు మారుమ్రోగును. డిసెంబరు 25 వచ్చునప్పటికి పండుగ అరిగిపోయి యుండును. మరునాటినుండి ఆరంభము కావలసిన పండ్రెండు దినముల ఉత్సవమును తలచువారుండరు. శనివారము ప్రొద్దుట రాత్రిని పాడిన కథయే ఇది, వేరొక రూపమున. ఈ లోపము క్రైస్తవులది మాత్రమే అనజాలము. నెలపట్టిన నాటినుండి ముగ్గులు వేసి, గొబ్బెమ్మలు పెట్టి, సంక్రాంతిని పిలిచిన ముంగిళ్లు ఇప్పుడెన్ని మిగిలినవో మనకు తెలియనిది కాదు.

మన నేలపై

మరి ఈ పరదేశపు ఋతుచక్రము తెలుగునేలపై ఎట్లు ఇమిడినది? ఐరోపాలో ఈస్టరు మంచు కరగి చిగురు తొడుగు వేళ. ఇచట ఎండలు ముదురు వేళ. ఆంగ్లేయుల లెంటు అను పదమునకు మూలార్థము వసంతము, మనకది శ్రమ. యెరూషలేములో ఒలీవ కొమ్మలు పట్టగా ఇచట తాటిమట్టలు, కొబ్బరిమట్టలు, ఈతమట్టలు పట్టుదురు. ఆదివారమునకు పేరే మట్టలదైనది. శుభశుక్రవారమున మన దేవాలయములలో మిట్టమధ్యాహ్నము మొదలు మూడుగంటలపాటు సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ధ్యానించు పద్ధతి దక్షిణ అమెరికాయందు పెరూ దేశపు లిమా నగరమున పుట్టినది. 1687లో ఆ నగరమును కూల్చిన భూకంపము తరువాత ఒక జెస్యూటు గురువు దానిని ప్రారంభించెనని చెప్పుదురు. అక్కడినుండి ఎన్ని సముద్రములు దాటినదో, నేడది మన పల్లెలలో అచ్చమైన తెలుగు ఆచారమై కూర్చున్నది.

ఇక ఈస్టరు ప్రొద్దు మనవారు జరుపు తీరు మరింత మనది. ముందుగనే పెద్దల సమాధులకు సున్నము కొట్టి, పూలు పరచి, తెల్లవారకముందే క్రొవ్వొత్తులు చేతబట్టి కుటుంబములతో శ్మశానమునకు పోవుదురు. స్త్రీలు వేకువ చీకటిలో ప్రభువు సమాధికి పోయిరను సువార్తకథను వారు తమ తల్లిదండ్రుల సమాధులయొద్ద నిలిచి వినుచున్నారు. పునరుత్థానమను మాట అచట సిద్ధాంతము కాదు. మట్టిలోనున్న తనవారిని తిరిగి చూడగలమా యను ప్రశ్నకు వారు పట్టుకొన్న సమాధానము. దానిని నమ్మనివాడు సైతము ఆ తెల్లవారుజామున ఆ దీపముల నడుమ నిలిచినచో, వేచియుండుట యెంత బరువైన కార్యమో తెలిసికొనగలడు.

మట్టల ఆదివారమున తెచ్చుకొన్న ఆకులను కథోలికులు సిలువలుగా అల్లి, ఇంటిలో పటముల వెనుక చెక్కుకొని ఏడాది దాచుదురు. పచ్చని ఆకు పసుపు వన్నెకు తిరిగి, ఎండి, పెళుసుబారును. మరుసటి తపస్సుకాలము రాకముందు వాటిని దేవాలయమునకు తిరిగి యిచ్చివేయుదురు. గురువు వాటిని కాల్చి, ఆ బూడిదనే భస్మ బుధవారమున నుదుట ఉంచును. నిరుడు జయజయధ్వానములతో ఎత్తిపట్టిన మట్టయే ఈ ఏడు నుదుటి బూడిద. ఆ బూడిదతో మరల నలుబది దినములు లెక్కింప మొదలిడుదురు.